వాలు చూడు, విలువ తర్వాత

సూర్యాపేట



నీ వాట్సాప్ మెసేజ్ చదివాను. అంత సంగతికి ఫోన్‌ మీద వేలితో కొట్టి జవాబివ్వడం నా చేత కాదు, పైగా లెక్కలున్నాయి. అందుకే కాగితం తీశాను. మీ తమ్ముడు కోదాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాడట కదా. బస్సు ఇక్కడ ఆగినప్పుడు వాడి చేతిలో పెడతాను.

నువ్వు అడిగినవి రెండు. గైడు సూచించిన "అధిక పీడనంలో సెమీకండక్టర్ క్వాంటం వెల్‌ల ఎలక్ట్రాన్ నిర్మాణం" అన్న అంశం తీసుకోవాలా, వేరేది అడగాలా అన్నది ఒకటి. తీసుకుంటే మిర్యాలగూడలో ఉన్న మీ నాయనకు ఏమని చెప్పాలన్నది రెండోది. రెండోది తేలిక, ముందు అది కానిద్దాం.

మీ నాయన ఇన్నేళ్ళుగా మిల్లు బాయిలర్ మీద ఉన్నవాడు. పీడనం అంటే ఏమిటో ఆయనకు నువ్వు చెప్పాల్సిన పని లేదు. వడ్లు ఉడకబెట్టే ఆవిరికి గేజి ముల్లు చదరపు సెంటీమీటరుకు పది కిలోల దగ్గర ఉంటే చాలు, దాటితే ఆయన నిద్ర పోతుంది. నీ ప్రయోగంలో అదే గేజి పెడితే నలభై వేల కిలోలు చూపించాల్సి వస్తుందని చెప్పు. "పేలదా?" అంటాడు. పేలదు, చోటు అంత చిన్నది కాబట్టి. కొన అర మిల్లీమీటరు వెడల్పు ఉండేట్టు చెక్కిన రెండు వజ్రాలను ఎదురెదురుగా పెట్టి నొక్కుతారు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమే కదా, ఆ కొన వైశాల్యం చదరపు మిల్లీమీటరులో అయిదో వంతు. దాని మీద ఒక మనిషి బరువు, అంటే ఎనభై కిలోలు మోపితే 4 గిగాపాస్కల్ వస్తుంది. నలభై వేల వాతావరణ పీడనాలన్నమాట. పరికరమంతా అరచేతిలో పడుతుంది. దాన్ని వజ్రపు దాగలి సెల్ అనొచ్చు, అందరూ డైమండ్ ఆన్విల్ సెల్ అనే అంటారు. 1958లో అమెరికా ప్రమాణాల సంస్థలో నలుగురు దాన్ని కట్టారు. అంతకు ముందు అధిక పీడనమంటే గదినిండా హైడ్రాలిక్ ప్రెస్సులే. ఆ పద్ధతిలో జీవితకాలం పనిచేసిన బ్రిడ్జ్‌మన్‌కు 1946లో నోబెల్ వచ్చింది.

"దీంతో మనకేం లాభం?" అని మిల్లు దగ్గర ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. బియ్యం దిగుబడి పెరుగుతుందనో, కరెంటు బిల్లు తగ్గుతుందనో కోతలు కోయకు. మన దగ్గర ఆ జబ్బు ఎక్కువైంది, పరిశోధన అనగానే దానికి ఊరికి పనికొచ్చే తోక ఒకటి తగిలించాలి. కానీ ఒక నిజం చెప్పొచ్చు. మిల్లులో సార్టెక్స్ మిషన్ ఉంది కదా, రంగు మారిన గింజను పసిగట్టి గాలి ఊది పక్కకు నెట్టేది. ఇప్పుడొచ్చే వాటిలో గింజల మీద పడే వెలుగు ఎల్‌ఈడీలది. తెల్ల ఎల్‌ఈడీ లోపల నీలికాంతినిచ్చే చిప్ ఉంటుంది, ఆ చిప్‌లో వెలుగు పుట్టే చోటు క్వాంటం వెల్. కొన్ని నానోమీటర్ల మందమున్న ఇండియం గాలియం నైట్రైడ్ పొర. దాని మీద ఎవరూ ప్రెస్సు పెట్టి నొక్కలేదు, అయినా అది పుట్టుకతోనే నలిగి ఉంటుంది. కింది గాలియం నైట్రైడ్ కంటే దాని పరమాణువుల మధ్య దూరం ఎక్కువ, కింది పొరతో సరిపెట్టుకోవాలంటే అడ్డంగా కుదించుకోక తప్పదు. ఆ నలుగుడు వల్ల లోపల ఒక విద్యుత్ క్షేత్రం పుట్టి రంగునూ, కాంతి బలాన్నీ మారుస్తుంది. నీలి ఎల్‌ఈడీకి 2014లో అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ ఇచ్చారు. కాబట్టి నలిగిన పొరలో ఎలక్ట్రాన్ ఏం చేస్తుందన్నది గాలిలో మేడ కాదు. మీ నాయనకు ఇంత చాలు. మిర్యాలగూడ మిల్లులు ఆసియాలోనే పెద్దవని ఆయన మొదలుపెడితే మాత్రం విని ఊరుకో.

ఇక మొదటి ప్రశ్న. దానికి ఔననో కాదనో అంటే సరిపోదు. ఈ అంశంలో పస ఎక్కడుందో నీకు కనిపిస్తే నీకు నువ్వే తేల్చుకుంటావు. అందుకని కాస్త ఓపికపట్టు.

గాలియం ఆర్సెనైడ్ తీసుకో. గది ఉష్ణోగ్రతలో దాని శక్తి అంతరం 1.42 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఆ శక్తి కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 870 నానోమీటర్లు, అంటే పరారుణం, కంటికి ఆనదు. దాన్ని వజ్రాల మధ్య పెట్టి నొక్కుతూ పో. ప్రతి గిగాపాస్కల్‌కూ అంతరం సుమారు 108 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల చొప్పున పెరుగుతుంది. 3 గిగాపాస్కల్ దాటేసరికి తరంగదైర్ఘ్యం 715 దరిదాపుకు దిగి, ముదురు ఎరుపుగా కంటికి కనపడడం మొదలవుతుంది. పదార్థం అదే, రసాయనం అదే. పరమాణువుల మధ్య దూరం ఒకటిన్నర శాతం కూడా తగ్గలేదు.

ఎందుకు పెరుగుతుందో పుస్తకం మూసి ఆలోచించు. వహన పట్టీలో అడుగున, అంటే తరంగ సదిశ సున్నా దగ్గర, గామా అని పిలిచే చోట ఉన్న స్థితి రెండు పరమాణువుల ఎస్ ఆర్బిటాళ్ళూ ఒకదానితో ఒకటి విరోధించి ఏర్పడింది. పరమాణువులు దగ్గరైతే ఆ విరోధం ముదురుతుంది, శక్తి పైకి పోతుంది. అదే వహన పట్టీలో బ్రిలువాన్ జోన్ అంచున, ఎక్స్ అని పిలిచే దిక్కున ఇంకో లోయ ఉంది. అక్కడి స్థితిలో పీ, డీ స్వభావాలు కలిసి ఉంటాయి. దాన్ని నొక్కితే అది దాదాపు కదలదు, పైగా గిగాపాస్కల్‌కు పదమూడు మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల చొప్పున కిందికి జారుతుంది. ఎల్ అనే మూడో లోయ ఈ రెండింటికీ మధ్య రకం, పైకే పోతుంది గానీ గామా అంత వేగంగా కాదు. హార్వర్డ్‌లో విలియం పాల్ చాలా పదార్థాలను నొక్కి చూసి, ఈ వేగాలు పదార్థాన్ని బట్టి పెద్దగా మారవనీ, లోయను బట్టి మారతాయనీ గమనించాడు. సిలికాన్ అయినా జర్మేనియం అయినా గాలియం ఆర్సెనైడ్ అయినా ఎక్స్ లోయ ఎక్స్ లాగే నడుస్తుంది.

దీని మీద నేను ఆశువుగా గంట మాట్లాడగలను గానీ చెప్పదలచింది ఒకటే. వర్ణపటంలో ఒక శిఖరం కనిపించిందనుకో. అది ఏ స్థితి నుంచి వచ్చిందో దాని శక్తి విలువ చూసి చెప్పలేవు. వేరువేరు స్థితులు ఒకే శక్తి దగ్గర పక్కపక్కన ఉండొచ్చు. మాలిన్యం వల్ల వచ్చిన శిఖరమూ అక్కడే ఉండొచ్చు. పీడనం మార్చి, ఆ శిఖరం ఎంత వేగంగా ఎటు కదిలిందో గ్రాఫు గియ్యి. వాలు నూరు దగ్గరుంటే అది గామా. సున్నాకు కాస్త కిందుంటే ఎక్స్. పీడన ప్రయోగం విలువలు కొలిచేది కాదు బిడ్డా, ఎవరు ఎవరో తేల్చేది. ఈ మాట పట్టుకుంటే నీ థీసిస్‌లో సగం గందరగోళం పుట్టదు.

ఇప్పుడు వెల్, అంటే బావి, సంగతి. రెండు అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరల మధ్య పలుచని గాలియం ఆర్సెనైడ్ పొర. బెల్ లాబ్స్‌లో మాలిక్యులర్ బీమ్ ఎపిటాక్సీ పద్ధతి చేతికొచ్చాక ఇట్లాంటి పొరలు పరమాణు వరుసల లెక్కన పేర్చడం సాధ్యమైంది. 1970లో ఎసాకి, త్సు పొరల మీద పొరలుండే సూపర్‌లాటిస్ ఊహను ముందుకు తెచ్చారు. 1974లో డింగిల్, విగ్‌మన్, హెన్రీ ఈ బావుల్లో ఎలక్ట్రాన్ శక్తి మెట్లు మెట్లుగా ఉందని కాంతి శోషణలో చూపించారు. బావి ఎంత సన్ననైతే మొదటి మెట్టు అంత పైన. డిగ్రీలో చదివిన పెట్టెలో కణం లెక్కే. ఎఫెక్టివ్ మాస్ 0.067 వేసి 10 నానోమీటర్ల వెడల్పుకు చేత్తో చేసి చూడు, 56 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు వస్తుంది. అసలు బావికి గోడలు అనంతం కావు కాబట్టి అంతకంటే బాగా తగ్గుతుంది.

ఈ బావిని నొక్కితే మూడు జరుగుతాయి. అంతరం పెరుగుతుంది, ఇది పెద్దది. అంతరం పెరిగితే ఎఫెక్టివ్ మాస్ కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, గిగాపాస్కల్‌కు ఆరేడు శాతం, కాబట్టి మొదటి మెట్టు కొంచెం దిగుతుంది. బావి వెడల్పు గిగాపాస్కల్‌కు అర శాతం లోపు తగ్గుతుంది కనుక మెట్టు ఇంకొంచెం ఎక్కుతుంది, కానీ అది చాలా చిన్నది. మొత్తం మీద బావిలోంచి వచ్చే కాంతి వాలు, పొరలు లేని గాలియం ఆర్సెనైడ్ వాలు కంటే కాస్త తక్కువ. బావి సన్నబడే కొద్దీ ఇంకా తక్కువ, సన్నని బావిలో ఎలక్ట్రాన్ గోడల్లోకి కూడా చొచ్చుకుపోతుంది కాబట్టి. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయంలో మన దేశం నుంచి వెళ్ళిన మీరా చంద్రశేఖర్, హెచ్.ఆర్. చంద్రశేఖర్‌ల బృందం దీన్ని శ్రద్ధగా కొలిచింది. 26 నుంచి 150 ఆంగ్‌స్ట్రామ్‌ల బావుల మీద వాళ్ళ పేపరు 1986లో ఫిజికల్ రివ్యూలో వచ్చింది, మొదటి పేరు ఉమా వెంకటేశ్వరన్‌ది. మొదట చదవాల్సింది అదే. ఆడపిల్లలు లేజర్ గదిలో రాత్రులు ఉండగలరా అని మీ మేనత్త మాట్లాడింది చూడు, ఆ పేపరు మొదటి పేజీ ఆమెకు చూపించు.

ఇంకా నొక్కు. ఒక దశలో గామా మెట్టు పైకి పోయి ఎక్స్‌ను దాటుతుంది. పొరలు లేని గాలియం ఆర్సెనైడ్‌లో ఇది 4.1 గిగాపాస్కల్ దగ్గర. బావిలో అంతకంటే ముందే, ఎందుకంటే మొదటి మెట్టు అప్పటికే పైన ఉంది. గామా, ఎక్స్ ఒకదానికొకటి గిగాపాస్కల్‌కు సుమారు 120 చొప్పున దగ్గరవుతాయి. కాబట్టి మెట్టు 12 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు పైనుంటే 0.1 గిగాపాస్కల్ ముందుగా దాటుతుంది. అసలు చమత్కారం ఆ తర్వాత. దాటాక ఎలక్ట్రాన్ పోయేది బావిలోని ఎక్స్‌లోకి కాదు, పక్కనున్న గోడ పదార్థపు ఎక్స్‌లోకి. అక్కడ ఇంకా కింద చోటు ఉంది. ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ, అంటే రంధ్రం, మాత్రం బావిలోనే ఉండిపోతుంది. ఇద్దరూ తరంగ సదిశలోనూ వేరు, చోటులోనూ వేరు. వెలుగు ఒక్కసారిగా పడిపోతుంది, వందల రెట్లు. అప్పటిదాకా కళ్ళు జిగేల్‌మన్న శిఖరం కాగితం మీద గుర్తుపట్టలేనంత అయిపోతుంది. కొత్తవాళ్ళు శాంపిల్ పాడైందనుకుని సెల్ విప్పేస్తారు. విప్పకు, డిటెక్టర్‌కు ఎక్కువ సమయమిచ్చి వెతుకు. కింద ఎక్కడో చిన్న శిఖరం, వాలు కిందికి ఉన్నది, కనపడి తీరాలి.

ఆ చిన్న శిఖరం ఒక పాత తగువు తీర్చింది. ఇది నాకు బాగా ఇష్టమైన కథ, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. గోడకూ బావికీ శక్తి అంతరాల్లో తేడా ఉంది. అల్యూమినియం 30 శాతం ఉన్న గోడకైతే సుమారు 370 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఆ తేడాలో ఎలక్ట్రాన్ వైపు ఎంత, రంధ్రం వైపు ఎంత? డింగిల్ తన శోషణ శిఖరాలకు లెక్క సరిపెట్టి 85, 15 అన్నాడు. పదేళ్ళ దాకా అందరూ అదే వాడారు. లేజర్లూ ట్రాన్సిస్టర్లూ ఆ లెక్క మీదే గీశారు. కానీ శిఖరాల విలువలు ఈ పంపకానికి అంత గట్టిగా స్పందించవు. పంపకం మార్చి, మాస్‌ను కాస్త సవరిస్తే ఇంకోలా కూడా సరిపోతాయి. 1984లో బెల్ లాబ్స్‌లోనే పరావలయ ఆకారపు బావులు పేర్చి చూస్తే 85, 15 నిలవదని తేలింది.

అప్పుడు పీడనం రంగంలోకి వచ్చింది. దాటిన తర్వాత ఎలక్ట్రాన్ గోడ ఎక్స్‌లో ఉంది, రంధ్రం బావిలో ఉంది, వాటి కలయిక వల్ల వచ్చిన కాంతి శక్తి కొలవొచ్చు. గోడ పదార్థంలోనే ఎలక్ట్రాన్, రంధ్రం రెండూ ఉంటే వచ్చే ఎక్స్ కాంతి శక్తి వేరేగా తెలుసు. రెండింట్లోనూ ఎలక్ట్రాన్ చోటు ఒకటే. తీసివేస్తే మిగిలేది రంధ్రం గోడ నుంచి బావికి దిగిన ఎత్తు. రంధ్రపు మెట్టునూ, ఎక్సైటాన్ బంధన శక్తినీ సరిచేస్తే చాలు, ఎఫెక్టివ్ మాస్‌ల మీద పెద్ద నమ్మకం పెట్టే పని లేదు. 1986లో ఐబీఎంలో వుల్ఫర్డ్ బృందం, మిస్సోరీ బృందం చేసిన కొలతల్లో రంధ్రం వాటా మొత్తంలో మూడోవంతు దగ్గర తేలింది. 15 శాతమైతే 55 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, మూడోవంతైతే 120. ఇది దశాంశం తర్వాతి తగువు కాదు, రంధ్రం బావిలో నిలుస్తుందా గోడ దూకి పోతుందా అన్నంత తేడా. మామూలు పీడనంలో ఈ శిఖరం పుట్టదు. నొక్కితేనే పుట్టింది. అల్యూమినియం ఆర్సెనైడ్ గోడల మధ్య మూడున్నర నానోమీటర్ల కంటే సన్నని బావి ఉంటే మాత్రం నొక్కకుండానే ఎలక్ట్రాన్ గోడలోకి పోతుంది. అట్లాంటి శాంపిల్ దొరికితే పోల్చి చూడడానికి పెట్టుకో.

అన్ని వైపులా సమంగా నొక్కడం వేరు, ఒక వైపే నొక్కడం వేరు. ఇది మన తెలుగువాళ్ళు ముందే తవ్విన నేల. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా స్ఫటికాల మీద ఒత్తిడి పెడితే కాంతి ధర్మాలు ఎట్లా మారతాయన్నది పట్టుకున్నాడు. పొకెల్స్ అన్న జర్మన్ శాస్త్రవేత్త ఏ స్ఫటిక వర్గానికి ఎన్ని స్వతంత్ర స్థిరాంకాలు కావాలో పట్టిక వేసి పోయాడు. దశాబ్దాలు అందరూ దాన్ని ఎత్తి రాసుకున్నారు. భగవంతం గ్రూప్ సిద్ధాంతంతో కూర్చుని లెక్కవేస్తే కొన్ని వర్గాలకు ఆ సంఖ్యలు తప్పని 1942లో తేలింది. ఆయన, వెంకటరాయుడు కలిసి రాసిన గ్రూప్ సిద్ధాంతం పుస్తకం 1948 నాటిది, మీ లైబ్రరీలో ఉండాలి. తర్వాత ఆయన ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా కూడా ఉన్నాడు. ఆ పుస్తకంలో మొదటి అధ్యాయాలు చదువు, చివరివి అవసరమైతేనే. నీకు దాంతో పని ఏమిటంటే, సమంగా నొక్కితే స్ఫటిక సౌష్ఠవం చెడదు, సంయోజక పట్టీ పైభాగాన బరువు రంధ్రం, తేలిక రంధ్రం కలిసే ఉంటాయి. బావి గోడలు విడదీసిన మేరకే వేరు. ఒక తలంలోనే నలిగితే మాత్రం సౌష్ఠవం తగ్గి ఆ రెండూ విడిపోతాయి.

ఆ విడిపోవడం మీదే ఇప్పటి ఫైబర్ ఇంటర్నెట్ నడుస్తోంది. 1986లోనే ఇంగ్లండ్‌లో సర్రే విశ్వవిద్యాలయపు ఆల్ఫ్ ఆడమ్స్, అటు అమెరికాలో యబ్లోనోవిచ్, కేన్, వేరువేరుగా ఒకే మాట చెప్పారు. లేజర్ బావిని కావాలని నలిగిన పొరగా పెంచితే పై రంధ్రం తేలికవుతుంది, తక్కువ కరెంటుకే లేజర్ వెలుగుతుందని. అదే జరిగింది. ఆడమ్స్ ముందు నుంచీ పీడనం మనిషి. 1.55 మైక్రాన్ లేజర్‌ను నొక్కితే థ్రెషోల్డ్ కరెంటు తగ్గుతుంది. కాంతిగా పోయే కరెంటు ఒక్కటే ఉంటే అంతరంతో పాటు అది పెరగాలి. తగ్గింది కాబట్టి ఎక్కువ భాగం ఓజే ప్రక్రియలో వేడిగా పోతోందన్నమాట. ఇక్కడా చూసింది వాలునే. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన నీ హైదరాబాద్ ఫోన్‌నూ నా సూర్యాపేట ఫోన్‌నూ కలిపే కేబుల్ మొదట్లో ఉండే లేజర్లు ఈ వంశానివే.

పీడనంతో నలుగుడునే చెరిపేయొచ్చు కూడా. గాలియం ఆర్సెనైడ్ మీద పెంచిన జింక్ సెలెనైడ్ పొర పుట్టుకతో కొంచెం కుదించుకుని ఉంటుంది. కానీ అది కింది దానికంటే మెత్తన, నొక్కితే ఎక్కువ తగ్గుతుంది. కొన్ని గిగాపాస్కల్ దగ్గర రెండూ సరిగ్గా సరిపోయి, విడిపోయిన రంధ్రాల శిఖరాలు కలిసిపోతాయి. ఇంకా నొక్కితే అటువైపుకు విడిపోతాయి. నైట్రైడ్ బావుల్లో దీనికి తిరకాసు ఉంది. గాలియం నైట్రైడ్ వాలు గిగాపాస్కల్‌కు 40 దగ్గరుంటే, ఇండియం ఉన్న బావుల్లో బాగా తక్కువ వస్తుంది. పీడనం పెరిగితే లోపలి విద్యుత్ క్షేత్రమూ పెరిగి శక్తిని కిందికి లాగుతుంది కాబట్టి. మీ గైడు పదార్థం ఎంచుకోమంటే నువ్వు నైట్రైడ్‌ల వైపు మొగ్గు. గాలియం ఆర్సెనైడ్‌లో పెద్ద ప్రశ్నలు తీరిపోయాయి, అది చేయి తిప్పుకోవడానికి మంచిది.

చేయి తిప్పుకోవడం అంటున్నాను కాబట్టి కొన్ని పని మాటలు. పీడనం కొలిచేది కెంపు ముక్కతో. 1972 నుంచి ఇదే పద్ధతి. శాంపిల్ పక్కన ధూళిరేణువంత కెంపు పెట్టి దాని 694.2 నానోమీటర్ల గీత ఎంత జరిగిందో చూస్తారు, గిగాపాస్కల్‌కు 0.365 నానోమీటర్లు. కానీ ఆ గీత వేడికి కూడా జరుగుతుంది, డిగ్రీకి 0.007 దగ్గర. లేజర్ వల్ల కెంపు ఆరు డిగ్రీలు వేడెక్కినా నీకు 0.1 గిగాపాస్కల్ ఎక్కువ చూపిస్తుంది. దానివల్ల శక్తిలో పది పన్నెండు మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దోషం. సన్న బావికీ వెడల్పు బావికీ వాలులో నువ్వు వెతికే తేడా గిగాపాస్కల్‌కు కొన్ని మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్‌లే. లేజర్ బలం తగ్గించి, కెంపును ప్రతిసారీ శాంపిల్‌తో పాటే కొలువు. కెంపువి రెండు గీతలు జంటగా వస్తాయి, అవి వెడల్పయి కలిసిపోతుంటే లోపల ద్రవం గట్టిపడి ఒత్తిడి సమంగా లేదని అర్థం. నాలుగు పాళ్ళు మిథనాల్, ఒక పాలు ఇథనాల్ కలిపిన ద్రవం గది ఉష్ణోగ్రతలో 10 గిగాపాస్కల్ దాకా నమ్మదగ్గది. చల్లబరిస్తే ఆ హామీ ఉండదు. ఇంకోటి, పీడనం ఎక్కించేటప్పుడే కాదు, దించేటప్పుడు కూడా కొలువు. ఎక్కించినప్పటి గ్రాఫూ దించినప్పటి గ్రాఫూ ఒకదాని మీద ఒకటి పడకపోతే ఆ రోజు డేటా పక్కన పెట్టు.

కంప్యూటర్ లెక్కల సంగతి. ఇప్పుడు చాలా డిపార్ట్‌మెంట్లలో పీడనం అంటే డెన్సిటీ ఫంక్షనల్ ప్రోగ్రాములో జాలక దూరం తగ్గించి బటన్ నొక్కడమే అయిపోయింది. ఆ లెక్కల్లో మామూలు పద్ధతులు గాలియం ఆర్సెనైడ్ అంతరాన్ని అసలు దాంట్లో సగం కూడా చూపవు. చూసి కంగారుపడతావు, లేదా ఇంకా ఘోరంగా, అంతరాన్ని చేత్తో పైకి జరిపి సరిపోయిందని రాసేస్తావు. అదే లెక్కలో పీడనంతో మార్పు మాత్రం ప్రయోగానికి చాలా దగ్గరగా వస్తుంది. విలువ తప్పి వాలు ఒప్పయిన చోట లెక్కను ఎంతవరకు నమ్మాలో నీకు తెలుస్తుంది. వాలు కూడా తప్పితే ఆ లెక్కను ఎవరి పేరున్నా నమ్మకు.

కాబట్టి నా మాట ఇది. గైడును రెండు అడుగు. ప్రయోగం చేయిస్తారా, ఒట్టి లెక్కలేనా? ప్రయోగమైతే డైమండ్ సెల్ ఎక్కడ, శాంపిల్ ఎవరు పెంచుతారు? మన దేశంలో అధిక పీడనం మీద ముంబయిలో భాభా కేంద్రం, కల్పాక్కంలో ఇందిరాగాంధీ కేంద్రం, ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉన్నాయి. హైదరాబాద్‌లోనే రక్షణ శాఖ వాళ్ళ గేటెక్ గాలియం ఆర్సెనైడ్ చిప్‌లు చేస్తుంది, పొరలు తెలిసిన మనుషులు అక్కడ ఉంటారు. ఎవరితో కలిసి పని చేస్తామో కాగితం మీద చెప్పగలిగితే కళ్ళు మూసుకుని చేరు. ఒట్టి లెక్కలే అంటే, ఎవరో ఒకరు కొలిచిన డేటాతో మొదటి ఏడాదిలోనే పోల్చే షరతు పెట్టు. అదీ కుదరదంటే వేరే అంశం అడుగు, మొహమాటపడకు. ఇది మానేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాలా అన్న సంగతి ఈ ఉత్తరంలో రాయను, అది నువ్వూ మీ నాయనా తేల్చుకోవాల్సింది. డబ్బు అవసరం ఎంతో నాకంటే మీకే తెలుసు.

చదవడానికి ఉమా వెంకటేశ్వరన్ పేపరు తర్వాత జయరామన్ 1983లో రివ్యూస్ ఆఫ్ మోడర్న్ ఫిజిక్స్‌లో డైమండ్ సెల్ మీద రాసిన పెద్ద వ్యాసం చదువు. రామన్ దగ్గర పనిచేసి బెల్ లాబ్స్‌కు వెళ్ళినాయన, పరికరం కట్టడం నుంచి చెబుతాడు. అది అయ్యాక ఒక గ్రాఫు కాగితం తీసుకుని 5, 10, 15 నానోమీటర్ల బావులకు గామా మెట్టునూ, గోడ ఎక్స్‌నూ పీడనం మీద గీయి. ప్రోగ్రాము వద్దు, క్యాలిక్యులేటర్ చాలు. మూడు దాటే చోట్లు వస్తాయి. గోడ ఎక్స్ ఎక్కడుందో తీసుకోవడానికి ఏ పంపకం వాడావో పక్కన రాయి, 85, 15 వాడితే దాటే చోటు ఎంత జరుగుతుందో కూడా. సంక్రాంతికి కోదాడ వచ్చినప్పుడు ఒకసారి సూర్యాపేటలో దిగు, కూర్చుని చూద్దాం. మీ పెద్దమ్మ సకినాలు చేస్తానంటోంది.

మీ పెద్దనాన్న